నా ముఖం, నా గొంతు, నేను అనని మాటలు: నకిలీ ఏఐ వీడియో కేసులో నా అనుభవం

ముందే చెప్పేస్తున్నాను, ఈ కేసు ఇంకా తేలలేదు. తేలాక రాద్దాంలే అని ఆగితే ఎప్పటికి రాస్తానో తెలియదు. పైగా ఈమధ్య ఇలాగే ఇరుక్కున్నవాళ్లు కొందరు ఫోన్ చేసి "మేడం, మీరు ముందు ఎక్కడికి వెళ్లారు?" అని అడుగుతున్నారు. వాళ్లకి ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ ఒక వరసలో పెడుతున్నాను.

నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాను. కరోనా టైంలో పిల్లల కోసం అకౌంటెన్సీ పాఠాలు రికార్డు చేసి నెట్‌లో పెట్టడం మొదలుపెట్టాను, కాలేజీలు తెరిచాక కూడా మానలేదు. వాటిలో ప్రకటనలు ఉండవు, నాకు రూపాయి రాదు. ఈ రూపాయి సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

2025 ఆగస్టు 11, సోమవారం మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఒక పెద్దాయన, రిటైర్డ్ ఆర్టీసీ ఉద్యోగి. కోపంగా కూడా మాట్లాడలేదు. "అమ్మా, డబ్బు వెనక్కి తీసుకుందామంటే ముందు ముప్ఫై వేలు ట్యాక్స్ కట్టమంటున్నారు మీ గ్రూపువాళ్లు, కట్టమంటారా?" అన్నారు. నాకు ఏ గ్రూపూ లేదండీ, మీరు ఎవరనుకుని చేశారో అన్నాను. "అదేంటమ్మా, వీడియోలో మీరే కదా చెప్పారు. మా మనవరాలు మీ పాఠాలే వింటుంది, అందుకే కదా పెట్టాను." అప్పటికే 1,40,000 రూపాయలు పెట్టేశారు.

ఆయన వీడియో పంపించారు. స్టాఫ్ రూమ్‌లో కూర్చుని చూశాను. నేనే. తరుగుదల పాఠంలో కట్టుకున్న ఆకుపచ్చ చీర, వెనక మా బోర్డు, దాని మీద సగం చెరిపిన పద్దు కూడా అలాగే ఉంది. గొంతు నాదే. "మూడు వారాల్లో మీ డబ్బు రెట్టింపు, కింది లింక్ నొక్కి గ్రూపులో చేరండి" అంటున్నాను. పెదాలు ఒకటి రెండుచోట్ల మాటకి కొంచెం వెనకబడ్డాయి, ఫోన్‌లో చూస్తే అది కూడా తెలియదు. నన్ను నిజంగా వణికించింది మాత్రం వేరే. నాకు ప్రతి పాయింటు చివర "అర్థమైందా, లేదా?" అనే అలవాటుంది. ఆ వీడియోలో అది రెండుసార్లు ఉంది. యంత్రం గొంతుని అనుకరిస్తుంది సరే, ఆ మాట స్క్రిప్టులో రాసి ఇవ్వాలంటే తెలుగు వచ్చిన మనిషి ఎవరో కూర్చుని నా పాఠాలు వినాలి కదా. ఏఐ చేసింది ఏఐ చేసింది అని అందరూ అంటుంటే నాకు ఆ మనిషే కళ్లముందు కనిపిస్తూ ఉంటాడు.

పెద్దాయనకి ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని చెప్పాను. డబ్బు పోయినవాళ్లు ముందు చేయాల్సిన పని అదొక్కటే, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది, ఎందుకంటే డబ్బు ఆ ఖాతా నుంచి ఇంకో ఖాతాకి దాటేలోపు బ్యాంకు ఆపగలగాలి. వాళ్లబ్బాయి ఇంటికి వచ్చాక సాయంత్రం చేశారు. 22,000 ఆగాయి. మిగతాది అప్పటికే దాటిపోయింది.

ఆ వీడియో ఒక సోషల్ మీడియా వేదికలో డబ్బు కట్టి వేయించిన ప్రకటన. అంటే ఎవరో మామూలుగా పోస్ట్ చేసింది కాదు, ఆ కంపెనీ సొమ్ము తీసుకుని జనాల ముందుకి తోసింది. అదే రాత్రి యాప్‌లో రిపోర్ట్ బటన్ నొక్కాను. కాసేపటికే సమాధానం వచ్చింది, మా ప్రకటనల నిబంధనలకు విరుద్ధంగా ఏమీ కనిపించలేదు అని. అంత తొందరగా ఏ మనిషైనా చూస్తాడా? ఆ మెసేజ్ పట్టుకుని రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను. మా ఆయన "పడుకో, పొద్దున్న చూద్దాం" అంటారు, నాకేమో ఆ టైంలో ఇంకెంతమంది చూస్తున్నారో అని ఒకటే టెన్షన్.

ఒక విషయం ఇక్కడే చెప్పాలి. అలాంటి వేదికలకి ప్రకటనల లైబ్రరీ అని ఉంటుంది, ఏ పేజీ ఏ ప్రకటన నడుపుతోందో ఎవరైనా చూడొచ్చు. కానీ మన దగ్గర మామూలు ప్రకటన ఆగిపోగానే లైబ్రరీలోంచి కూడా మాయమవుతుంది. కాబట్టి తీయించేసే కంగారులో పడకుండా ముందు స్క్రీన్‌షాట్లు, స్క్రీన్ రికార్డింగు, లింకు, ప్రకటన నంబరు, పేజీ పేరు, తేదీ, టైము అన్నీ దాచుకోండి. మా మేనల్లుడు ఆ రాత్రి ఫోన్‌లోనే ఉండి ఇవన్నీ చేయించాడు. లేకపోతే నా దగ్గర పెద్దాయన పంపిన ఒక్క ఫార్వర్డే మిగిలేది.

ఆగస్టు 12న జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. అక్కడ ఆర్థిక మోసాలకి ఒక దారి, ఆడవాళ్లు, పిల్లలకి సంబంధించినవాటికి ఒక దారి, మిగతా నేరాలకి ఇంకో దారి. నాది దేంట్లోకి వస్తుంది? డబ్బు నాది పోలేదు. వీడియో అసభ్యమైనదీ కాదు. చివరికి మూడోదాంట్లో, నా పేరుతో వేరేవాళ్లు చలామణి అవుతున్నారు అన్న కిందికి వచ్చేలా పెట్టాను. ఒక రసీదు నంబరు వచ్చింది. ఆ తర్వాత కొన్ని వారాల పాటు ఎవరేమడిగినా చూపించడానికి నా చేతిలో ఉన్నది ఆ నంబరే.

మర్నాడు జిల్లా సైబర్ పోలీసుల దగ్గరికి వెళ్లాను. కానిస్టేబుల్ మర్యాదగానే కూర్చోబెట్టి కాగితం తీసుకుని మొదట అడిగిన ప్రశ్న, "మీకు ఎంత పోయింది మేడం?" ఏమీ పోలేదండీ అంటే పెన్ను ఆపేశారు. డబ్బు పోయినవాళ్లు వాళ్ల ఊరి స్టేషన్లో ఇస్తారు, మీరు యాప్‌వాళ్లకి రిపోర్ట్ కొట్టండి అన్నారు. కొట్టానండీ, వాళ్లు పోలీసుల దగ్గరికి వెళ్లమన్నారు అన్నాను. ఇన్‌స్పెక్టర్ గారిని కలుస్తానంటే పంద్రాగస్టు బందోబస్తులో ఉన్నారు, సోమవారం రమ్మన్నారు. ఐటీ చట్టం కింద కేసుల్ని ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలట, అంటే ఆయన లేకపోతే పని ముందుకి కదలదు. ముందే ఫోన్ చేసి ఆయన ఉన్నారో లేదో కనుక్కుని వెళ్లడం మంచిది.

ఈలోగా తెలిసిన లాయర్ గారి దగ్గరికి వెళ్లాను. 2,000 ఫీజు. అంతకి తగ్గ మాట ఒకటి చెప్పారు. ఐటీ చట్టంలో 79వ సెక్షన్ అని ఉంది, వేరేవాళ్లు పెట్టిన వాటికి వేదికలది బాధ్యత కాదు అనే రక్షణ అదే. తెలిసి కూడా తీయకపోతే ఆ రక్షణ పోతుంది, కానీ "తెలియడం" అంటే కోర్టో ప్రభుత్వమో చెప్పడం అని 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయితే 2021 ఐటీ రూల్స్‌లో ఒక కిటికీ ఉందమ్మా అన్నారాయన. మార్ఫింగ్ చేసిన బొమ్మలతో సహా ఒకరిలా నటించే కంటెంట్ గురించి ఆ మనిషే ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తీయాలి, రూల్ 3(2)(బి) (2025లో గడువు అది). "రిపోర్ట్ బటన్ మర్చిపోండి, వేదికలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఈ రూల్ నంబరు వేసి మెయిల్ పెట్టండి" అన్నారు.

ఆగస్టు 14న పెట్టాను. ఆధార్ కాపీ, అసలు పాఠం లింకు, నకిలీ లింకు, రెండూ పక్కపక్కన ఉన్న స్క్రీన్‌షాట్లు. వెంటనే అందినట్టు మెయిల్ వచ్చింది, 15వ తేదీ రాత్రికి ఆ ప్రకటన పోయింది. రిపోర్ట్ బటన్ దగ్గర ఏ తప్పూ కనిపించని వీడియోలోనే రూల్ నంబరు పడేసరికి తప్పు కనిపించింది. సంతోషించానా అంటే, 17న అదే వీడియో వేరే పేజీ పేరుతో ప్రత్యక్షమైంది. ఈసారి చీర రంగు మార్చారు. ఇలాంటిదే ఇంకోటి వస్తే మీరే ఆపండి అని రాస్తే, ఏ లింకుకి ఆ లింకే విడిగా ఫిర్యాదు చేయాలన్నారు. డబ్బు తీసుకునేటప్పుడు ఎవరిదో, ఎంతో వాళ్లకి స్పష్టంగా తెలుసు, తీసేటప్పుడు మాత్రం వెతికి పెట్టే పని నాది.

నేను ఎక్కువ కోపం పెట్టుకున్నది ఇక్కడే. ఇంత పెద్ద వేదికలో కోట్లమంది రోజూ పెట్టే పోస్టులన్నీ ముందే చూడలేమంటే ఒప్పుకుంటాను. ప్రకటన అలా కాదు కదా. అది బయటికి వెళ్లేముందు మేం చూసి అనుమతిస్తాం అని వాళ్లే రాసుకున్నారు, దానికి డబ్బూ తీసుకున్నారు. గోడ మీద ఎవడో రాత్రికి రాత్రి పోస్టర్ అంటిస్తే గోడ యజమానిని ఏమంటాం, కానీ అద్దె తీసుకుని హోర్డింగు ఇచ్చినవాడు నాకేం తెలుసు అంటే ఎలా?

ఆగస్టు 18న ఇన్‌స్పెక్టర్ గారు దొరికారు. పావుగంటలో విషయం మొత్తం పట్టుకున్నారు. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో ఎఫ్ఐఆర్‌కి ముందు 14 రోజుల ప్రాథమిక విచారణ చేసే వీలు కొత్త చట్టంలో ఉంది, డీఎస్పీ గారి అనుమతితో అలా చేస్తాం అన్నారు. తర్వాత నా ఫోన్‌లో ఉన్న వీడియోకి సర్టిఫికెట్ కావాలన్నారు. సాక్ష్యాల కొత్త చట్టం, భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఒక ఫారం, మొదటి భాగం నేను నింపాలి, రెండో భాగం నిపుణుడు. నా భాగంలో హాష్ వాల్యూ అని ఒక గడి ఉంది. అంటే ఆ ఫైలుకి వేలిముద్ర లాంటి పొడవాటి నంబరు. స్టేషన్ ఎదురుగా ఉన్న నెట్ సెంటర్ కుర్రాడు "వాట్సాప్‌లో పంపించండి మేడం, తీసేస్తా" అన్నాడు. అదృష్టం, మేనల్లుడు పక్కనే ఉన్నాడు. వాట్సాప్‌లో పంపితే వీడియో కుదించుకుపోయి వేరే ఫైలు అయిపోతుంది, నంబరూ మారిపోతుంది. కేబుల్ పెట్టి నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించి, అప్పుడు తీయించాం. పెన్‌డ్రైవ్, ప్రింట్లు, జిరాక్సులు కలిపి ఏడెనిమిది వందలు అయ్యాయి. రెండో భాగం స్టేషన్‌వాళ్లే చూసుకున్నారు.

ఆ వారంలోనే కాలేజీలో మెమో చేతికొచ్చింది. 1964 నాటి ఏపీ సివిల్ సర్వీసెస్ ప్రవర్తనా నియమాల ప్రకారం ప్రభుత్వ ఉద్యోగి ప్రైవేటు వ్యాపారం చేయకూడదు, షేర్ల గ్రూపు నడుపుతున్నట్టు ఫిర్యాదు అందింది, వారంలో సంజాయిషీ ఇవ్వాలి. ప్రిన్సిపాల్ గారు ఇస్తూ "నాకు తెలుసమ్మా, కానీ పైనుంచి వచ్చింది, ఇవ్వక తప్పదు" అన్నారు. ఇంత తతంగంలో బాధ్యత వహించమని ఎవరినైనా సంతకంతో సహా కాగితం మీద అడిగింది నన్నొక్కదాన్నే. నా ఛానెల్‌కి ఆదాయం లేదని చూపించే వివరాలు, సైబర్ రసీదు, వేదికకి పెట్టిన మెయిళ్లు జతచేసి ఇచ్చాను. పాఠాలతో రూపాయి సంపాదించి ఉంటే ఇంకో చిక్కులో పడేదాన్ని. ఎఫ్ఐఆర్ ఉంటే గట్టిగా ఉంటుందన్నారు, అది చూస్తే వినాయక చవితి పందిళ్ల బందోబస్తుతో మళ్లీ వెనక్కి జరిగింది. ఆ రోజుల్లో క్లాసులో "అర్థమైందా, లేదా?" అనబోయి మాట మింగేసేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్లు, వాళ్లూ వీడియో చూశారు కదా. స్నేహితురాలొకామె అయితే ఆ వీడియోని నలుగురికి పంపించి "నీ పాఠాల కన్నా ఇదే బాగుంది, షేర్లలోకి ఎప్పుడు దిగావు?" అని నాకే మెసేజ్ పెట్టింది.

సెప్టెంబరు 3న ఎఫ్ఐఆర్ అయింది. ఐటీ చట్టం 66సి, 66డి, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మోసానికి సంబంధించిన 318(4), 319(2). మొదటి రెండూ ఒకరి గుర్తింపుని దొంగిలించడం, కంప్యూటర్ సాయంతో మరొకరిలా నటించి మోసం చేయడం, మూడేళ్ల దాకా శిక్ష. ఏఐ అనే మాట ఆ సెక్షన్లలో ఎక్కడా లేదు, అయినా సరిపోయాయి. పెద్దాయన ఫిర్యాదుని కూడా దీనికి కలిపారు, అది కలవడం వల్లే కేసు బలపడింది. మీ ముఖంతో మోసపోయినవాళ్లు ఫోన్ చేస్తే తిట్టినా సరే కట్ చేయకండి, వాళ్లే మీకు సాక్షులు.

ఇక టూల్ తయారుచేసిన కంపెనీ సంగతి. ఒక వీడియో చివర అర సెకను పాటు సగం కత్తిరించిన లోగో మిగిలిపోయింది, దాన్నిబట్టి మేనల్లుడు అది ఏ యాప్‌దో పట్టుకున్నాడు. ఆగస్టు 20న మెయిల్ పెడితే రెండు వారాల దాకా ఉలుకూ పలుకూ లేదు. తర్వాత వచ్చిన జవాబు సారాంశం: ఇతరుల గొంతు, ముఖం వాళ్ల అనుమతి లేకుండా వాడకూడదని మా షరతుల్లో ఉంది, ఉల్లంఘిస్తే వాడినవారిదే బాధ్యత, ఆ ఖాతా వివరాలు ఇస్తే పరిశీలిస్తాం. ఖాతా ఎవరిదో తెలిస్తే నేను వీళ్లకెందుకు రాస్తాను! పోలీసులు అడిగితేనే ఇస్తామన్నది ఒక్కటే అందులో న్యాయంగా అనిపించింది, నా ఖాతా వివరాలు ఎవరో అడిగితే ఇచ్చేయకూడదుగా.

ఒక ఆదివారం నేనూ మేనల్లుడూ అదే యాప్‌లో నా పాఠంలోంచి నిమిషం ఆడియో ముక్క ఎక్కించి చూశాం. ఒక చిన్న గడి వచ్చింది, "ఈ గొంతు నాది, లేదా నాకు అనుమతి ఉంది." వాడు టిక్ పెట్టాడు. ఇరవై రెండేళ్ల మగపిల్లాడి ఖాతా, యాభై దగ్గరపడిన ఆడమనిషి గొంతు, ఏ ప్రశ్నా లేదు. కాసేపట్లో నా గొంతు వాడు టైప్ చేసిందల్లా చదివింది. నేను టూల్స్‌కి వ్యతిరేకిని కాదు, నా పాఠాలకి సబ్‌టైటిల్స్ కూడా ఏఐతోనే వేస్తాను, కత్తి చేసిన కమ్మరిని పట్టుకోమని అనను. కానీ ఆ టిక్కు గడి నన్ను కాపాడటానికి పెట్టింది కాదు, రేపు ఎవరైనా అడిగితే వాళ్లని వాళ్లు కాపాడుకోవడానికి పెట్టుకున్నది. అప్పటికప్పుడు తెర మీద ఇచ్చిన వాక్యం చదివించి గొంతు సరిపోల్చడం చేతకాని పనేమీ కాదు.

హైకోర్టుకి వెళ్దామా అని కూడా అనుకున్నాం. అనిల్ కపూర్ 2023 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు నుంచి తన పేరు, గొంతు, రూపం అనుమతి లేకుండా వాడకుండా ఉత్తర్వు తెచ్చుకున్నారు. లాయర్ గారు చెప్పిన ఖర్చు విన్నాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు. రష్మిక మందన్న నకిలీ వీడియో 2023 నవంబరులో వస్తే 2024 జనవరికల్లా దాన్ని చేసినవాణ్ని మన రాష్ట్రంలోనే పట్టుకున్నారు. దేశమంతా గోలపెట్టిన కేసుకి, నా కేసుకి ఒకే వేగం ఉంటుందని ఆశపెట్టుకోలేదు.

డబ్బు ఖర్చు కాని దారి ఇంకోటి ఉంది, చాలామందికి తెలియదు. నకిలీ వీడియోని ఒక పేజీ ప్రకటనగా కాక మామూలు పోస్టుగా పెట్టింది. దాన్ని తీయమంటే వేదిక గ్రీవెన్స్ ఆఫీసర్ సెప్టెంబరు 1న కుదరదన్నారు, అది నకిలీయో కాదో మేం నిర్ణయించలేమని. అలాంటప్పుడు 30 రోజుల్లోపు గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్లొచ్చు. కేంద్రం 2023లో పెట్టింది, అంతా ఆన్‌లైనే, ఫీజు లేదు. సెప్టెంబరు 12న ఎఫ్ఐఆర్ కాపీ జతచేసి అప్పీలు వేశాను. అక్టోబరు రెండో వారంలో తీసేయమని ఉత్తర్వు వచ్చింది, ఆ పోస్టు పోయింది. కాలేజీ మెమో మీద కూడా ఆ నెలాఖరులోనే "తదుపరి చర్య అవసరం లేదు" అని వచ్చింది. ఆ కాగితం చదివి స్టాఫ్ రూమ్‌లోనే ఏడ్చేశాను, అప్పటిదాకా ఏడుపు రాలేదు.

అక్టోబరు 22న కేంద్రం కొత్త ముసాయిదా విడుదల చేసిందని ఇన్‌స్పెక్టర్ గారే చెప్పారు. ఏఐతో చేసిన వీడియోలో కనీసం 10 శాతం జాగాలో గుర్తు ఉండాలని అందులో పెట్టారు. దొంగ తన వీడియోకి తనే లేబుల్ అంటించుకుంటాడా అని నవ్వాను. పూర్తిగా చదివితే, ఇది ఏఐతో చేసిందా కాదా అని పెద్ద వేదికలు అప్‌లోడ్ చేసేవాళ్లని అడగాలి, చెప్పింది నిజమో కాదో సాంకేతికంగా చూడాలి అని కూడా ఉంది. ఆ రెండో ముక్క ఆగస్టులో ఉండి ఉంటే గ్రీవెన్స్ ఆఫీసర్ "నిర్ణయించలేం" అనడానికి వీలుండేది కాదు.

నవంబరులో ఒకతను దొరికాడు. పెద్దాయన డబ్బు మొదట చేరిన బ్యాంకు ఖాతా అతనిది. డిగ్రీ మధ్యలో ఆపేసిన కుర్రాడు, కమిషన్ ఇస్తామంటే పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము ఎవరికో ఇచ్చేశాడట. నోటీసు ఇచ్చి పంపించారు, ఏడేళ్లలోపు శిక్ష ఉన్న కేసుల్లో మామూలుగా అలాగే చేస్తారట. నేను స్టేషన్లో ఉండగానే వచ్చాడు. "మేడం, మీ వీడియో నేను చెయ్యలేదు, మీరెవరో కూడా నాకు తెలీదు" అన్నాడు. నిజమే చెప్పి ఉంటాడు. వీడియో చేసినవాడికి, ప్రకటన డబ్బు కట్టినవాడికి, గ్రూపు నడిపినవాడికి ఒకరికొకరు తెలియకుండా ఎవరి ముక్క వాళ్లు చేసిపెట్టేలా నడుస్తుందట ఈ వ్యాపారం. ప్రకటన డబ్బు ఎవరు కట్టారో చెప్పమని వేదికకి పోలీసులు రాశారు. దేశం బయటి కార్డు అని ఒక ముక్క జవాబు వచ్చింది, మిగతా వివరాల కోసం మళ్లీ రాశారు.

పెద్దాయనకి ఆగిన ఆ 22,000 చేతికి రావాలన్నా అప్పట్లో కోర్టు ఉత్తర్వు కావాల్సి వచ్చింది. ఆ పిటిషన్ ఆయన తరఫున మా లాయర్ గారే ఫీజు లేకుండా వేశారు. నాకైన ఖర్చు లాయర్, ప్రయాణాలు, కాగితాలు, సెలవు పెట్టిన రోజుల జీతం కలిపితే ఇరవై వేలకి కాస్త అటూఇటూ.

మొన్న మళ్లీ ఒకటి వచ్చింది. ఈసారి షేర్లు కాదు, కీళ్లనొప్పుల నూనె అమ్ముతున్నాను. రూల్ నంబరు, ఎఫ్ఐఆర్ కాపీ, కమిటీ ఉత్తర్వు ముందే ఒక మెయిల్‌లో సిద్ధం చేసి పెట్టుకున్నాను కాబట్టి లింకు ఒక్కటే మార్చి పంపాను, సాయంత్రానికి పోయింది. అలాంటి మెయిల్ ఒకటి మీరూ తయారుచేసి పెట్టుకోండి. అవసరమైనవాళ్లు అడిగితే నాది పంపిస్తాను.